సెక్రటరీ గారి వంటమనిషి

“ఇవాళ ఒక్కరోజూ నీకు ఫ్రెంచి రాదు. సరేనా?” అన్నాడు లసాద్, అద్దం ముందు టై సర్దుకుంటూ.

సల్లూహా పాలకూర తరుగుతోంది. తమ జెర్బా దీవి అన్నం వండడమంటే మాటలు కాదు. బియ్యం, మాంసం, కార్జం, ఆకుకూరలు, శనగలు అన్నీ పచ్చివే కలిపి ఆవిరి మీద పెట్టాలి. సగం ఉడికాక దించి, చేతులు కాలుతున్నా కలియబెట్టి మళ్లీ ఎక్కించాలి. పొద్దున లేచింది మొదలు ఆమె నడుం వాల్చింది లేదు.

“రాకపోతే నీ సంఘం ఉత్తరాలు ఎవరు రాస్తారట?” అంది, వేళాకోళానికే.

అతను నవ్వలేదు. “అదే వద్దంటున్నా. వాళ్లు చూడ్డానికొచ్చేది అచ్చమైన దీవి ఆడమనిషిని. నువ్వు గడగడా ఫ్రెంచి మాట్లాడితే ఇంకేం మజా?”

పెళ్లికి ముందు సల్లూహా సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో పనిచేసేది. ఫ్రెంచి, జర్మన్ అక్కడే పట్టుబడ్డాయి. లసాద్ తూర్పుతీరం ఆతిథ్య సంఘానికి సెక్రటరీ కాగానే, సెక్రటరీ పెళ్లాం బల్ల వెనక నిలబడి దారిన పోయేవాళ్లకు తాళాలందిస్తే ఏం బాగుంటుందని మాన్పించాడు. మాన్పించింది జీతాన్నే. సంఘం యాత్రా కంపెనీలకు రాసే ప్రతి ఉత్తరం ఈ వంటింటి బల్ల మీదే, ఆమె చేత్తోనే తయారయ్యేది. కింద సంతకం మాత్రం లసాద్‌ది. ‘మీ సెక్రటరీ ఎంత చక్కగా రాస్తారండీ’ అని పారిస్ నుంచి ఎవరో మెచ్చుకున్నప్పుడు, ఆ మెప్పును పైకి చదివి వినిపించింది కూడా ఆమే. అప్పుడు ఆమెకు గర్వంగానే అనిపించింది. అది తల్చుకుంటే ఇప్పుడు చెంపలు మండుతాయి.

చలికాలంలో దీవికి పర్యాటకులు రారు, సగం హోటళ్లు మూతపడతాయి. అందుకని సంఘం ఒక పథకం వేసింది: ‘దీవి ఇంటి భోజనం.’ కంపెనీలు మనుషుల్ని పంపుతాయి, డబ్బు సంఘానికిస్తాయి. వండిపెట్టే ఇంటికి దక్కేది గౌరవం. బియ్యం, మాంసం ఖర్చు సంఘానిదే. ఇల్లాలి చాకిరీకి ఖరీదు కట్టడమేమిటి, అదేమన్నా అంగడి సరుకా, అన్నారు మీటింగులో మగవాళ్లంతా. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం ఎటూ తేల్చలేదు. “సల్లూహా చదువుకుంది, హోటల్లో పనిచేసింది. ముందు ఆమె ఇంట్లో పెట్టండి. ఆమె బాగుందంటే మేమూ తలుపులు తీస్తాం” అన్నారు. అందుకే ఇవాళ కంపెనీవాళ్లు ఈ ఇంటికి భోజనానికొస్తున్నారు, రేపు మీటింగులో సంతకాలు పెడతారు.

లసాద్ బీరువాలోంచి తెల్ల చుట్టుబట్ట, తాటాకు టోపీ తీసుకొచ్చి మంచం మీద పడేశాడు.

“ఒరేయ్, పొలానికెళ్తే ఎండకు పెట్టుకునే టోపీరా అది,” అంది అత్తగారు మన్నూబియా. “పొయ్యి దగ్గర టోపీ ఏమిటి, చూసినవాళ్లు నవ్విపోరూ?”

“చూసేవాళ్లకు తెలియదులే అమ్మా. ఫొటోకి బాగుంటుంది.”

సల్లూహా పెట్టుకుంది. ఆవిరికి టోపీ కింద జుట్టంతా తడిసి ముద్దయింది.

వచ్చినవాళ్లు ముగ్గురు. పెద్దావిడ పేరు మదాం ఓదిల్, మంచి మనిషిలాగే ఉంది. సల్లూహా పళ్లెం దింపుతుంటే ఆమె చేతుల వైపు చూసి, “కాలినట్టున్నాయి పాపం, ఈమె పేరేమిటి?” అని అడిగింది.

“ఫాత్మా,” అన్నాడు లసాద్, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

ఫ్రెంచి దొరల కాలంలో ఇంటిపనికి కుదిరిన ప్రతి ఆడదాన్నీ వాళ్లు ఫాత్మా అనే పిలిచేవాళ్లు. సల్లూహా నాయనమ్మనీ అట్లాగే పిలిచారు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆ ముసలావిడ తుపుక్కున ఉమ్మేది. సల్లూహా పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. అన్నీ అర్థమవుతున్నాయి. అర్థం కానట్టు ముఖం పెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

“మరి మీ భార్య కనబడలేదే? వంట ఆమె నేర్పిందేనా?”

లసాద్ గొంతు సవరించుకున్నాడు. తల దించుకున్నాడు. “పోయింది మదాం. మూడేళ్లయింది.”

అయ్యో, అంది మదాం ఓదిల్. మిగతా ఇద్దరూ చెంచాలు కింద పెట్టేశారు. ఒకాయన లేచి లసాద్ భుజం మీద చెయ్యి వేశాడు. లసాద్ ఆ పరామర్శనంతా తల వంచుకునే అందుకున్నాడు. అందుకుంటూ ఓరకంట సల్లూహా వైపు చూశాడు, నోరు విప్పి కాదంటుందేమోనని. ఆమె మాట్లాడలేదు. పళ్లెం విసిరికొట్టలేదు. వెళ్లేటప్పుడు మదాం ఓదిల్ ఆమె అరచేతిలో ఒక నోటు పెట్టి, రెండు చేతులతో ఆ పిడికిలి మూసి, “అయ్యగారిని బాగా చూసుకో ఫాత్మా,” అని ఫ్రెంచిలోనే చెప్పింది. సల్లూహా నవ్వింది. వంగి దణ్ణం పెట్టినంత పనిచేసింది.

ఆ నవ్వే ఆమెను తినేసింది. గిన్నెలు తోముతున్నంతసేపూ అదే ఆలోచన. అతను అన్నాడు సరే, అతని నోటికి హద్దులేదు. నీ పెదాలకేమైంది? ఎవరు లాగారు వాటిని? బతికుండగా మొగుడు చంపేస్తే పళ్లికిలించే ఆడది లోకంలో ఉంటుందా? హోటల్లో ఉన్నప్పుడు ఒక బండ జర్మన్ వాడు ‘ఏయ్ పిల్లా’ అని పిలిస్తే, “నాకో పేరుంది” అని అంతమందిలో చెప్పిన మనిషివి కదే నువ్వు! ఆ మనిషి ఎప్పుడు పోయింది? మూడేళ్లేనా, ఇంకా ముందేనా? తల్లికి చెప్పుకుందామన్నా నోరు రాదు. చెప్పాలంటే ఆ నవ్వు సంగతీ చెప్పాలి. సిగ్గుతో ఒళ్లంతా దురదపెట్టినట్టయి, ఆ నోటును పప్పుల డబ్బా కింద దూర్చి, చేతులు మళ్లీ కడుక్కుంది.

“ఏంటా ముఖం?” అన్నాడు లసాద్. “నోట్లోంచి వచ్చేసిందే! ఆవిడ చటుక్కున అడిగేసరికి ఏం చెప్పను? ఊరెళ్లిందంటే ఎప్పుడొస్తుంది, కలుస్తామంటారు. ఇదైతే ఇంకో ప్రశ్న ఉండదు.”

“మంచిదేలేవే,” అంది మన్నూబియా. “చచ్చారనుకున్నవాళ్లకు ఆయుష్షు పెరుగుతుందంటారు.” అని నవ్వబోయి, కోడలి ముఖం చూసి ఆగిపోయింది.

మర్నాడు సంఘం హాల్లో ముందువరసలో మగవాళ్లు, కంపెనీవాళ్లు. వెనక బెంచీల మీద ఆడవాళ్లు. సల్లూహా అందరికన్నా వెనక, గోడవారగా కూర్చుంది. లసాదే చెప్పాడట్లా కూర్చోమని. పక్కకు జరిగి, కుండలు చేసే వీధి మబ్రూకా ఆమె మోచేయి పొడిచింది.

“ఎట్లా జరిగిందే? మర్యాదగా చూశారా? నాకు నలుగురు పిల్లలు, ఇంట్లో పడున్న అత్త. దీన్ని కూడా నెత్తిన పెట్టుకోవాలా వద్దా, నువ్వు చెప్పినట్టే చేస్తాను.”

“తర్వాత చెప్తాను,” అంది సల్లూహా.

కానీ సంఘం అధ్యక్షుడు హాజీ ఖమీస్‌కు ఈ భాగోతం ఏం తెలుసు? పెద్దాయన సంతోషంగా లేచి, “నిన్న అతిథుల్ని అంత బాగా ఆదరించిన మన లసాద్ భార్య సల్లూహా వచ్చి నాలుగు మాటలు చెప్పాలి” అనేశాడు. పక్కనున్న అమ్మాయి ఆ మాటను ఫ్రెంచిలోకి తిప్పింది.

మదాం ఓదిల్ తల గిర్రున తిరిగింది. లసాద్ కుర్చీలోంచి సగం లేచి, వెనక్కి చూసి, లేవొద్దని చెయ్యి ఊపాడు. పెదాలు కదుపుతున్నాడు: ఒంట్లో బాగా లేదని చెప్పు.

లేస్తే మొగుడి పరువు పోతుంది. అతనితోపాటు తనదీ పోతుంది, నిన్నటి నవ్వుతో సహా. ఊరంతా ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుతారు. లేవకపోతే మబ్రూకా ఇల్లు, ఆ పక్క ఇల్లు, ఆ వెనక ఇల్లు తలుపులు తీస్తాయి, రేపటినుంచి ప్రతి వంటింట్లో ఒక ఫాత్మా. సల్లూహా బెంచీ పట్టుకుని లేచింది.

మదాం ఓదిల్ ఏదో గబగబా అంది. “ఏమంటోందమ్మా ఆవిడ?” అన్నాడు హాజీ ఖమీస్. ఆ పిల్ల తిప్పి చెప్పడానికి తటపటాయించింది.

“నేను చెప్తాను, హాజీ బాబాయ్,” అంది సల్లూహా. “ఈయన భార్య పోయి మూడేళ్లయిందని నిన్న చెప్పారు కదా అంటోంది. నేను వంటమనిషినట. నా పేరు ఫాత్మా అట. మా ఆయనే చెప్పారు. నేనూ కాదనలేదు. నవ్వాను.”

మాట ఆపి, మదాం ఓదిల్ వైపు తిరిగి, అదంతా మళ్లీ ఫ్రెంచిలో చెప్పింది, తన నవ్వు కూడా వదలకుండా.

“సరదాకన్నాను, సరదాకి...” అన్నాడు లసాద్. ఎవరూ అతని వైపు చూడలేదు. హాజీ ఖమీస్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆడవాళ్ల ముఖాల్లో నవ్వు కోసం వెతికింది సల్లూహా. ఒక్కరూ నవ్వడం లేదు.

మబ్రూకా ఆమె కొంగు పట్టుకుని లాగింది. గొంతు తగ్గించే అడిగింది గానీ, ఆ నిశ్శబ్దంలో ముందువరస దాకా వినబడింది.

“పోనీ, అంత చాకిరీకి డబ్బులన్నా ఇచ్చారా తల్లీ?”

“వంటమనిషికి ఇచ్చారు మబ్రూకా,” అంది సల్లూహా. “భార్యనని తెలిసుంటే ఏమీ ఇచ్చేవాళ్లు కాదు.”