కడిగిన ఉప్పు

మా అత్త చేతి శుభ్రం ఈ కొండ మీది ఊళ్ళన్నిటికీ తెలుసు. ఆ శుభ్రమే నా కొంప ముంచింది.

ఆవిడ పేరు తెవాబెచ్. పిండి జల్లించినా, గిన్నె తోమినా పొరుగువాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఆవిడ మెడ చుట్టూ వరసలు వరసలుగా పచ్చబొట్టు ఉంటుంది. గొంతు కింద వాపు కాయలా పెరగకూడదని చిన్నప్పుడు సూదితో పొడిపించారట. కాయ ఆ పచ్చబొట్టును లెక్కచేయకుండా హాయిగా పెరిగింది. నాకూ ఉంది. ఇథియోపియాలో మా గొజ్జాం కొండల్లో కాయ లేని మెడ కనబడితే ఎవరో పైఊరి మనిషి అనుకుంటాం.

కాయతో బతకొచ్చు. నా ఏడుపు దాని గురించి కాదు. నా పెద్దపిల్ల అత్సెదె పుట్టు చెవిటిది. ఇక్కడ కాఫీ అంటే గింజలు వేయించి, రోట్లో దంచి కాయాల్సిందే. రోకలి పోటు పడితే పక్కింటి పసిపిల్లలు కూడా ఉలిక్కిపడి లేస్తారు. మా అత్సెదె మాత్రం రోటి పక్కనే పడుకుని కమ్మగా నిద్రపోయేది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం, తెలివితక్కువ వాళ్ళం! అసలు సంగతి తెలిసేసరికి ఏడాది దాటింది. ఆ పిల్ల నోట అమ్మా అనే పిలుపు నేనింతవరకు వినలేదు.

మళ్ళీ నెల తప్పినప్పుడు ఆరోగ్య కేంద్రంలో పనిచేసే తిరుంగో మా ఇంటికొచ్చింది. అత్తనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"దస్సాషక్కా, అత్సెదెకి అలా అయింది ఎవరి పాపం వల్లా కాదు, ఎవరి దిష్టీ కాదు. మన కొండ మట్టిలో అయోడిన్ లేదు, వానలకి కొట్టుకుపోయింది. కడుపులో బిడ్డ చెవికీ బుర్రకీ అది కావాలి. సంతలో అమ్మే సంచి ఉప్పు మానేసి, అయోడిన్ కలిపిన పొట్లం ఉప్పు కొను. జాడీలో పోసి మూత పెట్టు. కూర దించేటప్పుడే వెయ్యి. సంచి ఉప్పుని కడిగినట్టు కడగొద్దు, ఎండబెట్టొద్దు."

సంచి ఉప్పు గాడిదల మీద వస్తుంది. మట్టీ వెంట్రుకలూ అన్నీ అందులోనే. దాన్ని కడగకుండా, ఎండబెట్టకుండా, దంచకుండా కూరలో వేసిన కోడలికి మా ఊళ్ళో పుట్టింటి పరువు మిగలదు.

"విన్నాంలేవే తల్లీ! మాకు చెవులున్నాయిలే" అని నవ్వింది అత్త.

ఆ రోజు నుంచి నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తే ఒట్టు. "వట్టి మనిషివి కాదు, పొగలోకి వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా" అని కసిరేది. ఆ వయసులో ఊటబావి నుంచి కుండ వీపున కట్టుకుని తనే నీళ్ళు తెచ్చేది. నేను ప్రతి సంతకీ వెళ్ళి పొట్లం ఉప్పు తెచ్చి ఆవిడ చేతికిచ్చేదాన్ని. ఆవిడ వండి పెట్టేది. ప్రతి ముద్దా తిన్నగా నా బిడ్డ చెవికే చేరుతోందనుకుని తిన్నాను. కడుపు మీద చెయ్యేసుకుని "నన్ను వింటావు కదరా, నువ్వైనా వింటావు కదరా" అని పిచ్చిదానిలా మాట్లాడేదాన్ని.

మగపిల్లవాడు పుట్టాడు. కోల్పోయినదానికి బదులుగా వచ్చాడని అత్త వాడికి కాసా అని పేరు పెట్టింది.

బాప్తిస్మం అయిన రోజున గుడి నుంచి రాగానే ఇరుగుపొరుగు కాఫీకి చేరారు. తిరుంగో కూడా వచ్చింది. కాసాని రోటి పక్కన చాప మీద పడుకోబెట్టి, వాడి రెప్పల మీదే చూపు నిలిపాను. అత్త రోకలి ఎత్తి వేసింది.

వాడు కదల్లేదు.

"గట్టిగా దంచత్తా" అన్నాను.

దంచింది. రెప్ప అదరలేదు. "రోలు పగలగొడతావా ఏంటి పెద్దమ్మా?" అని ఎవరో పరాచికమాడారు. "ఇంకా గట్టిగా!" అని అరిచాను. అప్పటికి అందరికీ అర్థమైంది. వాడు పెదాలు చప్పరించుకుంటూ హాయిగా నిద్రపోతున్నాడు.

తిరుంగో వాడి చెవి దగ్గర పళ్ళెం మోగించి చూసింది. అప్పుడూ వాడు లేవలేదు. జాడీ తెమ్మని, చిటికెడు ఉప్పు అరచేతిలో పోసుకుని, సంచిలోంచి చిన్న సీసా తీసి ఒక చుక్క వేసింది. "అయోడిన్ ఉంటే నీలంగా మారాలక్కా" అంది. ఉప్పు తెల్లగానే ఉండిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ కొట్టువాడి పాడె కట్టా! నకిలీ ఉప్పు అంటగట్టాడా నాకు?" అని చెంగు దోపుకుని గుమ్మం దాటబోయాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "వాడినేం అనకే. వాడు మురికి ఉప్పే ఇచ్చాడు. నేనే ప్రతి పొట్లం మూడు నీళ్ళు పోసి కడిగి, ఎండబెట్టి జాడీలో పోశా."

"కడగొద్దని చెప్పాను కదా పెద్దమ్మా!" అంది తిరుంగో.

"కడిగే ఓపిక లేని బద్ధకస్తులకి చెప్పావనుకున్నా తల్లీ. ఎవరెవరి చేతులు తగిలాయో ఏమో, కడగని ఉప్పు నా మనవడికెలా పెడతాను?"

తిరుంగో విప్పని పొట్లం ఒకటి చింపి, ఆ ఉప్పు మీద చుక్క వేసింది. ముదురు నీలం. అత్త ఆ నీలాన్ని చూసింది, కాసాని చూసింది, నీళ్ళ కుండను చూసింది.

అందరూ వెళ్ళిపోయారు. కాఫీ తాగినవాళ్ళు లేరు. రేపు వాడిని పెద్దాసుపత్రికి తీసుకెళదామని చెప్పి తిరుంగో కూడా కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

"నేనేనా కోడలా?" అని అడిగింది అత్త. "నా చేతులారా నేనేనా?"

తిట్టాలని ఉంది. జాడీ ఎత్తి నేలకేసి కొట్టాలని ఉంది. అవునని అంటే ఆ ముసలి ప్రాణం అక్కడే పోతుంది. కాదనడానికి నాకు నోరు రాలేదు. కాసాని ఒళ్ళో వేసుకుని గోడకి ఆనుకుని ఏడ్చాను. ఆవిడ తన చేతులవంకే చూసుకుంటూ ఏడ్చింది.

మేమెందుకు ఏడుస్తున్నామో అత్సెదెకి తెలియదు. కాసేపు మా మొహాలు మార్చి మార్చి చూసింది. వాళ్ళ నానమ్మ చెయ్యి పట్టి లాగి రోకలి అందించింది. దంచమని సైగ చేసింది. అత్త వద్దని తల ఊపినా వదల్లేదు. చివరికి ఆవిడ ఏడుస్తూనే వట్టి రోట్లో రోకలి వేసింది. అత్సెదె ఎప్పుడూ చేసేలాగే అరచెయ్యి రోటికి ఆనించి కళ్ళు మూసుకుంది. రోజూ కాఫీ వేళ అలాగే కూర్చునేది. అదో పిచ్చి ఆట అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

తర్వాత నా ఒళ్ళోంచి కాసాని జాగ్రత్తగా ఎత్తుకుని రోటి దగ్గర కూర్చుంది. వాడి పిడికిలి విప్పి, ఆ చిట్టి చేతిని రోటికి ఆనించి పట్టుకుంది. అత్త మళ్ళీ దంచింది.

కాసా కళ్ళు తెరిచాడు.

చూశావా అన్నట్టు అత్సెదె నావైపు తిరిగి నవ్వింది. తమ్ముడు తనలాంటివాడేనని దానికి ఎంత సంతోషమో! నాకు గుండె చెరువైపోయింది. అయినా దాని మొహం చూసి నవ్వాను.