ఇరవై మూడో కాయ

మహతికి ఐడియా రావట్లేదు. వారం నుంచి రావట్లేదు. వచ్చినవన్నీ ఎవరో ఎప్పుడో తీసేసినవే, ఆ సంగతి తనకే తెలుస్తోంది, అయినా నోట్సులో రాస్తోంది, కొట్టేస్తోంది. సోమవారం పొద్దున పదింటికి ఆత్రేయ సార్ ముందు నిలబడి చెప్పాలి. థ్రిల్లర్ సినిమాకి మొదటి రెండు నిమిషాలు, అంతే, ఓపెనింగ్ మాత్రమే. క్లాసులో ఆరు టీములున్నాయి. అందులో ఒక్కదానికే కాలేజీ కెమెరా ఇస్తారు, మిగతా ఐదు టీములూ ఆ ఒక్కదాని కింద పనిచెయ్యాలి. మహతి రెండేళ్లూ అలాగే చేసింది. మొదటేడు క్లాప్ కొట్టింది, రెండో ఏడు ఎవరో హీరోయిన్‌కి గొడుగు పట్టింది. ఇదే ఆఖరి ఏడాది. ఈసారీ పోతే ఇంట్లో డైరెక్టర్ అనే మాట ఎత్తడానికి లేదు, బీఈడీ అప్లికేషన్ అప్పుడే నాన్నగారి టేబుల్ మీద కూర్చుంది.

"ఒక హాస్టల్," అన్నాడు ప్రేమ్‌చంద్. టీములో కెమెరా వాడిది. "పొడుగాటి కారిడార్. లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ముసుగేసుకుని ఒకడు..."

"ముసుగెందుకురా?"

"మొహం కనిపిస్తే దొరికిపోతాడు కదే!"

"అసలెవడు వాడు?"

"అది రెండు నిమిషాల్లో చెప్పక్కర్లేదు. అదే దీంట్లో బ్యూటీ."

"నీ మొహం బ్యూటీ. నీకే తెలీదని చెప్పు."

కిటికీలోంచి మిర్చి ఘాటు వచ్చి ముగ్గురూ ఒకేసారి దగ్గారు. మార్చి నెల గుంటూరులో ఎవరు ఏం మాట్లాడినా మధ్యలో దగ్గు ఉంటుంది. సౌండ్ చూసుకునే హారిక ఆ దగ్గులోంచే నవ్వింది. పర్చూరు అవతల ఒక ఊరు తనది, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

"దీనికన్నా మా ఊళ్లో జరిగిందే నయం," అంది. "ఇరవై మూడు మంది మిరపకోతకి వెళ్లారు. ఇరవై రెండు మందే తిరిగొచ్చారు. మేస్త్రీ లెక్కపెడితే మాత్రం ఇరవై మూడే వచ్చింది."

మహతి పెన్ను కింద పెట్టింది.

"మళ్లీ చెప్పు."

"సినిమాకి కాదే, ఊరికే అన్నా. రెండేళ్లయింది. రహిమున్నీసా అని, మా ఇంటి పక్కనే. చేలోనే ఉండిపోయింది, చచ్చిపోయింది. మా నాయనమ్మ అదే కూలీల ముఠాలో ఉంది."

"లెక్కెలా సరిపోయింది?"

"కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ సుభానీ తాగున్నాడంటారు."

"హారికా, ప్లీజే. పేర్లు పెట్టను. ఊరు పేరు కూడా పెట్టను. ఒక్కసారి తీసుకెళ్లవే."

హారిక కాసేపు గోళ్లు చూసుకుంది. "సరేలే. అడిగి చూద్దాం. చెప్తే చెప్తారు."

శనివారం తెల్లారేసరికి మహతి హారిక వాళ్ల ఊళ్లో, కూలీల ఆటోలో ఉంది. రాఘవమ్మ పక్కన, అంటే హారిక నాయనమ్మ పక్కన, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది. రెండు ఆటోలు, ఇరవై మంది పైనే ఆడవాళ్లు, తలగుడ్డలు, అన్నం క్యారేజీలు. హారిక వెనక ఆటోలో ఉంది. రాఘవమ్మకి అటు పక్క జాస్మిన్, రహిమున్నీసా కూతురు. ఇంటర్ మధ్యలో మానేసి వాళ్లమ్మ పనికే వస్తోంది. గుంతలొచ్చినప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి దానంతటదే వెళ్లి రాఘవమ్మ మోచేతిని పట్టుకుంటోంది.

"సినిమా అక్కా, మమ్మల్ని కూడా తీస్తారా?" అంది జాస్మిన్.

"నిన్ను తీస్తే కెమెరా పగులుద్ది," అంది వెనక నుంచి ఎవరో. ఆటో అంతా నవ్వింది. రాఘవమ్మ నవ్వలేదు.

చేలో పని ఎలా జరుగుతుందో మహతికి పది నిమిషాల్లో అర్థమైంది. ఒక్కొక్కళ్లకి ఒక్కో సాలు, అంటే ఒక్కో మొక్కల వరస. ఈ చివర నుంచి ఆ చివరకి పండుకాయ కోసుకుంటూ వెళ్లడం, కోసింది కుప్ప దగ్గర పోసి రావడం. పొద్దుగూకే ముందు ఆఖరి సాలు అయ్యాక ఎవరి సాలు ఎదురుగా వాళ్లు గట్టు మీద ఒక ఎర్రకాయ పెడతారు. మేస్త్రీ గట్టెమ్మట నడుచుకుంటూ కాయలు లెక్కపెట్టుకుంటాడు. ఎన్ని కాయలుంటే అంతమంది పని అయిపోయినట్టు. ఆటో ఎక్కేటప్పుడు మళ్లీ తలలు లెక్కపెట్టే అలవాటు ఎవరికీ లేదు, కాయలు లెక్కయ్యాయిగా.

అబ్బా, షాట్! గట్టు మీద వరసగా ఎర్రకాయలు, లెక్కపెడుతున్న వేలు, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. కట్ చేస్తే ఖాళీ చేను. మహతికి గుండె దడదడలాడింది, భయంతో కాదు, ఆనందంతో. ఆ తర్వాత ఆ ఆనందం గుర్తొచ్చినప్పుడల్లా తనకే తను నచ్చలేదు గానీ, అప్పుడు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు అందరూ వేపచెట్టు కిందికి వెళ్లారు, హారిక కూడా. రాఘవమ్మ వెళ్లలేదు. చేతులు మండుతున్నాయని బోదె కాలవ దగ్గర నీళ్లలో ముంచుకుని కూర్చుంది. మహతి వెళ్లి పక్కన కూర్చుంది.

"మామ్మగారూ, ఆ రోజు సుభానీ మేస్త్రీ నిజంగా తాగున్నాడా?"

రాఘవమ్మ నీళ్ల వైపు చూస్తూనే మొదలెట్టింది.

"సుభానీ జన్మలో తాగలా. రహిమున్నీసాది నా పక్క సాలు. ఎప్పుడూ అంతే, ఇద్దరం జోడు. ఆ రోజు ఎండ మండిపోతా ఉంది. తల తిరగతా ఉంది రాఘవత్తా అంది. పడుకోవే కాసేపు, నీ సాలు నేను కోస్తాలే అన్నా."

"మేస్త్రీకి చెప్పలేదా?"

"చెప్తే రేపు పిలుస్తాడా? ఒంట్లో బాగోనోళ్లని ఎవరు పిలుస్తారమ్మాయ్? చెట్ల సందున పడుకుంది. మిరపచెట్టు నడుమెత్తున ఉంటది, పడుకున్న మనిషి కనపడదు. దాని సాలూ నా సాలూ నేనే కోశా. గట్టు మీద నా కాయ పెట్టా, దాని కాయా పెట్టా."

మహతి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అంతలో మబ్బు పట్టింది. కోసిన కాయ తడిసిపోద్దని రైతు కేకలు. అందరం పట్టాలు కప్పడానికి ఉరికాం. ఆటోలు హారన్ కొడతా ఉన్నాయి. అది లేచి రెండో ఆటో ఎక్కిందనుకున్నా. రెండో ఆటోలో వాళ్లు నాతో ఉందనుకున్నారు. సుభానీ కాయలు లెక్కపెట్టాడు, ఇరవై మూడు, ఇంక పోనీ అన్నాడు." తడిచేతులు చీరకి తుడుచుకుంది. "ఇంటికొచ్చాక జాస్మిన్ అడిగింది, మామ్మా, మా అమ్మేదీ అని. ఆ రోజు దానికి పరీక్ష, పనికి రాలా. అప్పుడు పరిగెత్తాం. చీకట్లో, వానలో, నేనే ముందు పోయి చూపించా, ఇక్కడెక్కడో ఉండి ఉంటది చూడండ్రా అని. ఎక్కడుందో నాకు తెలుసుగా. ఒళ్లు చల్లబడిపోయింది అప్పటికే. వడదెబ్బ, రెండు గంటలు ముందు తెస్తే బతికేది అన్నాడు డాక్టరు."

"మరి సుభానీ...?"

"ఇరవై మూడు లెక్కపెట్టానని నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఎవరు నమ్మారు? ఆ రెండిళ్లవాళ్లూ చుట్టాలే. రహిమున్నీసాకి అన్న వరస వాడు. అయినా ఊళ్లోంచి తరిమేశారు. వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో చేస్తన్నాడంట."

"మీరు చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నా, తెల్లారి చెబుదామని. తెల్లారేసరికి ఆ పిల్ల వచ్చి నా ఒళ్లో పడుకుంది." మొదటిసారి మహతి వైపు తిరిగింది. "నువ్వు పైఊరి దానివి, మళ్లీ రావు. మోయలేక చెప్పుకున్నా. హారిక్కి కూడా చెప్పబాక తల్లీ."

"చెప్పనండి," అంది మహతి. ఆ క్షణాన నిజంగానే అంది.

ఆదివారం అంతా మంచం మీద దొర్లింది. సగం చెప్తే చాలు, ఇరవై మూడు మంది వెళ్లారు, ఇరవై రెండు మంది వచ్చారు, అక్కడితో ఆపేస్తే సరి. ఎలా అన్నది చెప్పక్కర్లేదు. మాట ఇచ్చాక మాటే. అలా అనుకుని నిద్రపోయింది.

సోమవారం మొదట సాయిరాం టీమ్ చెప్పింది. నిజం చెప్పాలంటే బాగా చెప్పింది. సిమెంట్ ఫ్యాక్టరీ దుమ్ములో నడిచొచ్చే మనిషి, వెనక అడుగుజాడలు మాత్రం రెండు జతలు. క్లాసు చప్పట్లు కొట్టింది. ఆత్రేయ సార్ మార్కులేవో రాసుకున్నారు. తర్వాత మహతి లేచింది. ప్రేమ్‌చంద్ ఫోన్ పైకెత్తి రికార్డింగ్ పెట్టాడు.

గట్టు, కాయలు, వేలు, లెక్క. మహతి చెప్తుంటే క్లాసులో దగ్గు కూడా ఆగిపోయింది. ఖాళీ చేను దగ్గర ఆపింది.

"బాగుంది," అన్నారు ఆత్రేయ సార్. "లెక్క ఎందుకు సరిపోయింది?"

"అది ఓపెనింగ్‌లో చెప్పం సార్."

"ప్రేక్షకుడికి చెప్పద్దు. నీకు తెలుసా, అని అడుగుతున్నా."

"మేస్త్రీ తాగున్నాడు సార్."

"అబ్బే. పాత చింతకాయ పచ్చడి. అంత మంచి కాయల షాట్ పెట్టి తాగుబోతు దగ్గర తేల్చేస్తావా? అసలు నీ దగ్గర కథ లేదమ్మా, ఒక బొమ్మ ఉంది, అంతే." పేపర్ తిరగేశారు. "కూర్చో. తర్వాతెవరు?"

సాయిరాం పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ కిసుక్కున నవ్వారు. మహతి కూర్చోలేదు. గొడుగు గుర్తొచ్చింది, క్లాప్ గుర్తొచ్చింది.

"ఆవిడ సాలు ఇంకొకావిడ కోసింది సార్," అంది. "జాలిపడి. ఆవిడ కాయ కూడా తనే పెట్టింది. అందుకే లెక్క సరిపోయింది. ఆ జాలే చంపింది సార్."

ఆత్రేయ సార్ పెన్ను టేబుల్ మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. "ఇదీ థ్రిల్లర్ అంటే," అన్నారు. చప్పట్లు. ప్రేమ్‌చంద్ విజిల్ వేశాడు. కెమెరా మహతి టీముకే.

మహతి హారిక వైపు తిరిగింది. హారిక చప్పట్లు కొట్టట్లేదు.

క్లాసయ్యాక మహతి తనని మెట్ల మీద పట్టుకుంది. "హారికా, నేను పేరు చెప్పలేదే."

"చెప్పాలా? రహిమున్నీసా పిన్ని పక్క సాలు ఎవరిదో ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు." గొంతు పెంచలేదు, అందుకే మహతికి భయమేసింది. "నాకు కూడా చెప్పలేదు మా నాయనమ్మ. రెండేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం సెలవుల్లో. నాకు చెప్పలేదు."

"క్లాసులోనే కదే చెప్పాను. ఊరిదాకా వెళ్లదు."

"ఏం వెళ్లదు?" ప్రేమ్‌చంద్ వెనక నుంచి గెంతుకుంటూ వచ్చాడు. "పిచ్ వీడియో ఇన్‌స్టాలో పెట్టేశా, మీ ఇద్దర్నీ ట్యాగ్ చేశా. అప్పుడే నూట ఎనభై వ్యూస్! జాస్మిన్ అంట ఎవరో, మీ ఊరేనా హారికా, కామెంట్ కూడా పెట్టింది."

"ఏం పెట్టింది?"

"క్వశ్చన్ మార్కు. ఒకటే."

వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని హారిక వీడియో తీసేసింది. తీసేస్తే మాత్రం ఏముంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. హారిక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దారంతా రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయ ఆరబోసి ఉంది, ఎర్రగా, ఎకరాలకి ఎకరాలు. మహతి ఒక్కసారి కూడా ఫోన్ బయటికి తియ్యలేదు.

రాఘవమ్మ పనికి వెళ్లలేదు. వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మహతిని చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రాత్రి అన్నానికి రాలా ఆ పిల్ల," అంది. "రోజూ వస్తది. పొద్దున ఆటో కూడా ఎక్కలా. గడప ఎదురుగా నిలబడి నన్నే చూస్తా ఉంది, లోపలికి రాలా, ఏం అడగలా."

"మామ్మగారూ, తప్పయిపోయిందండి..."

"ఆ ముక్క నాకెందుకు. నువ్వు అల్లిందేనని చెప్పు దానికి. సినిమా కోసం అల్లానని చెప్పు. అల్లడమేగా మీ చదువు."

"మరి సుభానీ మేస్త్రీ?" అంది హారిక మెల్లగా.

రాఘవమ్మ తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంది, అక్కడ చెమట లేదు.

జాస్మిన్ అప్పుడే వచ్చింది. మాటల చప్పుడు విని వచ్చిందో, బస్సు దిగేటప్పుడే చూసిందో. మూడు రోజుల్లో పెద్దదైపోయినట్టుంది. రాఘవమ్మ వైపు చూడకుండా తిన్నగా మహతి ముందుకొచ్చింది.

"అక్కా, ఒకటి అడుగుతా. మీరు చెప్పింది జరిగిందా, కల్పించారా?"

నిజం చెప్తే వేటపాలెం నుంచి ఒక మనిషి ఇంటికొస్తాడు. నిజం చెప్తే ఈ గడపలోంచి ఒక పిల్ల వెళ్లిపోతుంది, మళ్లీ రాదు, ఈ ముసలావిడ ఈ గోడకే ఆనుకుని ఉండిపోతుంది. నిన్న క్లాసులో ఆలోచించాల్సినవన్నీ ఇప్పుడు, ఇక్కడ, ఆ పిల్ల కళ్ల ముందు గుర్తొస్తున్నాయి.

హారిక వైపు చూసింది. హారిక నేల చూపులు చూస్తోంది.

"కల్పించాను," అంది మహతి. "మా సార్ ఎలా సరిపోయిందని గట్టిగా అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. అప్పటికప్పుడు అనేశా."

జాస్మిన్ అలాగే చూసింది. తర్వాత ఊపిరి వదిలింది, ఎంత పెద్ద ఊపిరంటే భుజాలు కిందికి దిగాయి. వెళ్లి రాఘవమ్మ పక్కన కూలబడింది, ఆవిడ చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

"నిన్నటి నుంచి నిద్ర లేదు మామ్మా నాకు. నిన్ను అనుకున్నా. నిన్ను పట్టుకుని అట్టా ఎట్టా అనుకున్నానో."

రాఘవమ్మ చెయ్యి ఆ తల మీదే ఉంది, కదల్లేదు.

"అయితే లెక్క తప్పింది సుభానీ మామే," అంది జాస్మిన్, కళ్లు తుడుచుకుంటూ. "సినిమాలో మామ పేరేం పెడతారక్కా?"

"పేర్లు మార్చేస్తాం," అంది మహతి.

"మార్చబాకండి. ఆ పేరే పెట్టండి. అందరికీ తెలియాలి."

మహతి తల ఊపింది.