గాష్పర్ కొండెక్కిన వైనం

బోహిన్ సరస్సులో పడవ నడిపే గాష్పర్‌కి ట్రిగ్లావ్ కొండ గురించి తెలియని సంగతి లేదు. ఏ దారి ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ రాతికి ఇనుప కడ్డీలు దిగగొట్టారో, పైన గాలి ఎటునుంచి వీస్తుందో అన్నీ కంఠతా చెబుతాడు. ఒక్క శిఖరం మాత్రం ఎక్కలేదు. ఈ చిన్న లోటు సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

చిన్న లోటంటున్నాను గాని, స్లొవేనియాలో అది చిన్నదేం కాదు. వాళ్ల జెండా మీద కూడా ఆ కొండే. అక్కడ పుట్టినవాడు జన్మలో ఒక్కసారైనా ట్రిగ్లావ్ ఎక్కాలి. మొదటిసారి ఎక్కినవాణ్ణి శిఖరం మీద వంగోబెట్టి, అంతకుముందు ఎక్కినవాళ్లెవరో ఒకరు తాడుతో పిర్రల మీద మూడు వడ్డిస్తారు. ఆ దెబ్బలు పడితేనే ఎక్కినట్టు లెక్క. ఉత్తుత్తి దెబ్బలు కావు, మర్నాటిదాకా గుర్తుండేవి.

కుర్రతనంలో గాష్పర్ రెజ్కాను పెళ్లాడతానని వెళితే, ఆమె తండ్రి "ట్రిగ్లావ్ ఎక్కి రా, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. గాష్పర్ వెళ్లాడు. శిఖరం కిందున్న బస దాటాడు. సన్నటి గట్టు మీదికి ఎక్కి రెండు పక్కలా లోయ చూశాడు. అంతే, కాళ్లు చల్లబడ్డాయి. ఓ రాయి మీద కూలబడి, పొగమంచు కమ్మేదాకా ఆగి, ఆ మంచుచాటున దిగి వచ్చేశాడు. ఇంటికొచ్చి ఎక్కానన్నాడు. పెళ్లయిపోయింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటాడా! పడవలో మైకు ఉంది, ఎదురుగా యాత్రికులున్నారు. మొదటి ఏడాది కథలో పొగమంచు ఒక్కటే ఉండేది. కూతురు నేజా పుట్టేనాటికి పిడుగు పడింది. నేజా బడికెళ్లేనాటికి ఓ గద్ద వచ్చి చేరింది. ఆ గద్ద శిఖరం మీద గాష్పర్ టోపీ తన్నుకుపోయి, ఆయన ధైర్యానికి మెచ్చి మళ్లీ తెచ్చి నెత్తిన పెట్టింది. విన్నవాళ్లంతా చప్పట్లు కొట్టేవారు. నేజా అందరికంటే గట్టిగా కొట్టేది.

ఆ నేజా ఈ వేసవిలో ఓ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పేరు టిలెన్. సముద్రం ఒడ్డున పిరాన్‌లో, ఉప్పుమడుల్లో పని. నెమ్మదస్తుడు, పెట్టింది తింటాడు, చెప్పింది వింటాడు. గాష్పర్‌కి చూడగానే నచ్చాడు. రెజ్కా చీజ్ కూరి ఉడికించిన శ్త్రుక్లి వేడివేడిగా వడ్డిస్తుంటే, అందరూ వంటింటి చెక్కబల్ల మీద కూర్చుని తింటున్నారు.

"నాన్నా, టిలెన్ ట్రిగ్లావ్ ఎక్కలేదట!" అంది నేజా, అతగాడు పుట్టిన్నాటినుంచి స్నానం చెయ్యలేదన్నట్టు.

"మా వైపు కొండలెక్కడివి మావయ్యగారూ? ఉన్నవల్లా ఉప్పుగుట్టలే" అన్నాడు టిలెన్ సిగ్గుపడుతూ.

"పెళ్లి సెప్టెంబరులో. ఈలోగా నువ్వే పైకి తీసుకెళ్లి, నీ చేత్తో నువ్వే కొట్టాలి నాన్నా. ఇంకెవరి దెబ్బా పనికిరాదు. చిన్నప్పట్నించీ అనుకుంటున్నా!"

శ్త్రుక్లి గాష్పర్ గొంతులో అడ్డం పడింది. రెజ్కా వీపు చరిచి నీళ్లిచ్చింది.

"ఏమయ్యా, అంత సంబరమా?" అంది.

సంబరమా పాడా! ఎక్కనివాడు ఎక్కినవాణ్ణి కొట్టకూడదు, అది ఆచారం. పైగా గట్టు మీద తన మోకాళ్లు కొట్టుకుంటే అల్లుడు చూస్తాడు. అల్లుడు చూస్తే నేజాకు తెలుస్తుంది. ఊరు నవ్వితే నవ్వుకోనీ, పరువు సరస్సులో కలిస్తే కలవనీ, దానికి ఆయన సిద్ధమే. కాని పడవ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిన ఆ పిల్ల ఇకమీదట తనవైపు ఎలా చూస్తుంది? ఆ ఆలోచనకే ఆయనకు నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి ఉపాయం తట్టింది.

"కొండదేముంది బాబూ, ఎక్కడికీ పోదు. ముందు మా ప్రాంతం చూడాలి. చూడకుండా పైకెళ్తే, పైనుంచి కనిపించేది ఏదేమిటో నీకెలా తెలుస్తుంది?" అన్నాడు టిలెన్‌తో.

"నిజమే మావయ్యగారూ" అన్నాడు టిలెన్.

ఇక చూపించడం మొదలుపెట్టాడు. మొదట సావిత్సా జలపాతం. ఆ మెట్లెక్కితే కుర్రాడి కాళ్లు పట్టేస్తాయని గాష్పర్ ఆశ. పైకెళ్లేసరికి తనకే ఊపిరాడక కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే, టిలెన్ తుంపర్లు తుడుచుకుని "చాలా బావుంది. రేపు మళ్లీ వద్దామా?" అన్నాడు. తర్వాత మోస్త్నిత్సా వాగు. నీళ్లు కోసి కోసి అక్కడో రాయి ఏనుగులా తయారైంది.

"ఏదీ ఏనుగు?" అన్నాడు టిలెన్.

"అదిగో తొండం."

"మరి తక్కిన ఏనుగు?"

"అన్నీ నీళ్లే చెయ్యాలంటే ఎలాగయ్యా? కొంత నువ్వూ అనుకోవాలి" అని విసుక్కున్నాడు గాష్పర్.

సరస్సు ఒడ్డున పాత గుడి చూపించాడు. యోహాను పేర కట్టిన ఆ చర్చిలో, గోడ మీద పాతకాలం బొమ్మల్లో, ఓ పాపి మెడమీద తెల్లటి బుల్లి దెయ్యం కూర్చుని ఉంటుంది. ఎన్నోసార్లు చూసిన దెయ్యమే. ఆ రోజు మాత్రం అది తనవంకే చూసి ఇకిలిస్తున్నట్టు తోచి, "చల్లగా ఉంది, పద పద" అని బయటికి లాక్కొచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చచ్చిపోయిన సిపాయిల సమాధులు చూపించాడు. అక్కడ మాత్రం ఇద్దరూ టోపీలు తీసి ఊరికే నిలబడ్డారు. చివరికి పాల మ్యూజియం కూడా చూపించి, బయటికొచ్చాక మోహంత్ చీజ్ తినిపించాడు. అది ఆ లోయవాళ్లు తప్ప ఇంకెవరూ వాసన చూసి బతకలేని చీజ్. కడుపులో తిరిగి కుర్రాడు మంచమెక్కితే ఓ వారం గడుస్తుంది కదా అని ఆయన లెక్క. టిలెన్ రొట్టెకు రాసుకుని తిని, వేళ్లు నాకి, మళ్లీ పెట్టమన్నాడు. తోడుగా తిన్న గాష్పర్‌కే ఆ రాత్రి కడుపు పాడైంది.

"ఇక చూపించడానికి మన గొడ్లచావిడి తప్ప ఏం మిగిలింది? రేపు బయల్దేరండి. ఆకాశం అద్దంలా ఉంది" అంది రెజ్కా.

"మోకాలు పట్టేసిందే."

రెజ్కా లేచి డబ్బా తెచ్చింది. కొండ రాళ్లల్లో ఈల వేసే మర్మోట్ అనే పెద్ద ఉడుతలాంటి జంతువు కొవ్వు అది, కీళ్లకు అక్కడివాళ్లు రాసే మందు. మోకాలికి పట్టించి, పట్టించి, చర్మం ఊడొస్తుందేమో అన్నంతగా రుద్దింది.

"తగ్గిందా?"

"తగ్గింది, తగ్గింది! వదులు తల్లీ!" అని గాష్పర్ కుంటడం మానేశాడు.

నేజా స్వయంగా తాడు చుట్టి తండ్రి సంచీలో పెట్టింది. "గట్టిగా కొట్టు నాన్నా, మొహమాటపడకు" అని ముద్దు పెట్టింది. ఆ ముద్దు కొండ పొడుగునా ఆయన బుగ్గ మీద మండుతూనే ఉంది.

రాత్రికి బసలో పడుకుని, మర్నాడు పొద్దున్నే గట్టెక్కారు. పొగమంచు కోసం గాష్పర్ నాలుగు దిక్కులా వెతికాడు. దానికి ఆ రోజే రాకూడదని బుద్ధి పుట్టింది. లోయ అడుగుదాకా నిక్షేపంలా కనబడుతోంది. ముందు నడుస్తున్న టిలెన్ హఠాత్తుగా ఆగి, ఇనుప తాడును రెండు చేతులా వాటేసుకుని, ఓ రాయి మీద కూలబడ్డాడు.

"మావయ్యగారూ, ఇక నావల్ల కాదు."

గాష్పర్ ఆ రాయిని చూశాడు. బల్లపరుపుగా, మూల విరిగి, పక్కన పసుపుపచ్చ నాచుతో ఉంది. చూడగానే గుర్తుపట్టాడు. ఆ రాయి మీదే తనూ కూలబడ్డాడు. కాళ్లు అప్పటిలాగే చల్లబడుతున్నాయి. జరిగి అతని పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు.

"నేనొకటి చెప్తాను, తిట్టకండి. వెనక్కి పోదాం. ఎక్కామని చెబుదాం. మీరు కొట్టారంటాను, గట్టిగా కొట్టారంటాను. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు టిలెన్ వణుకుతూ.

ఎంత చక్కటి మాట! కుర్రాడు తనంతట తానే నోట్లో పంచదార పోస్తున్నాడు. సరే అంటే చాలు, ఇద్దరి బాధా తీరిపోతుంది, నేజా చప్పట్లు కొడుతుంది. గాష్పర్ నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"వద్దురా అబ్బాయ్. నీకు తెలీదు. మొదట ఒట్టి మంచుతో సరిపోతుంది. తర్వాత పిడుగు కావాలి. ఆ తర్వాత గద్ద కావాలి. ఆ గద్దని ఇన్నేళ్లుగా మేపలేక చస్తున్నాను!"

టిలెన్ వణకడం మరిచిపోయి ఆయన మొహంలోకి చూశాడు. "అంటే మీరు కూడా..."

"ఈ రాయి మీదే. నువ్వు కూచున్న చోటే. కాస్త జరుగు, నా చోటది."

టిలెన్ ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత నోటితో, తర్వాత రాయి కదిలేలా నవ్వాడు. గాష్పర్‌కి ఒళ్లు మండింది. మండినందుకు కాబోలు కాళ్లలోకి కొంచెం వేడి వచ్చింది.

"లే. లోయవంక చూడకు, నా బూట్లవంక చూడు" అన్నాడు.

"మీరు దేనివంక చూస్తారు?"

"నోర్మూసుకుని రా."

మిగిలిన దారంతా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. కడ్డీని తిట్టాడు, రాతిని తిట్టాడు, పిల్లనిచ్చిన మావగారి ఆత్మని తిట్టాడు. ఒకచోట నాలుగు కాళ్ల మీద పాకాడు, వెనకవాడూ పాకాడు. అలా పాకుతూ పాకుతూ తల ఎత్తేసరికి ఎదురుగా, శిఖరం గుర్తుగా నిలబెట్టిన రేకు డబ్బాలాంటి బుల్లి గోపురం కనిపించింది. ఇక పాకడానికి పైన ఏమీ లేదు.

అప్పటికే అక్కడ పింఛను తీసుకునే ఆడవాళ్ల గుంపొకటి సాసేజీలు తింటూ, పాటలు పాడుతూ ఉంది. వాళ్లలో వాండా అనే ఆవిడ, ఒకప్పుడు బళ్లో ఆటల పంతులమ్మ, రోకళ్లలాంటి చేతుల మనిషి, వీళ్లని చూస్తూనే లేచింది.

"కొత్తవాళ్లున్నారా ఇక్కడ?"

టిలెన్ చెయ్యెత్తాడు. ఎత్తి, వెంటనే, "నేనొక్కణ్ణే. మా మావయ్యగారు ఎప్పుడో ఎక్కేశారు. ఆయనే కొడతారు" అని గాష్పర్ సంచీలోంచి తాడు తీసి ఆయన చేతిలో పెట్టి వంగాడు.

గాష్పర్ తాడు వంక చూశాడు. నేజా చుట్టిన చుట్ట అలాగే ఉంది. వంగిన కుర్రాడు తల తిప్పి, "కానివ్వండి, నేను చెప్పను" అన్నట్టు కన్నుకొట్టాడు. మంచి పిల్లాడు, మహా మంచి పిల్లాడు. అందుకే గాష్పర్‌కి చెయ్యి లేవలేదు. తాడు తీసుకెళ్లి వాండా చేతిలో పెట్టాడు.

"ముందు నాకు తగిలించమ్మా. నేనూ కొత్తే."

"ఈ వయసులోనా? ఏం పెద్దమనిషీ, దారిలో అంత ఆలస్యమైందా?" అందావిడ. గుంపంతా గొల్లుమంది.

"అయిందమ్మా. కానీ."

వాండా మొహమాటపడే మనిషి కాదు. మొదటి దెబ్బకి గాష్పర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో దెబ్బకి మావగారు గుర్తొచ్చాడు. మూడోదానికి లేచి నిలబడి, పిర్రలు పట్టుకుని, పిచ్చివాడిలా నవ్వడం మొదలుపెట్టాడు. తాడు తిరిగి చేతికొచ్చాక అల్లుణ్ణి ఆయనే కొట్టాడు. ఇప్పుడు కొట్టే హక్కుంది మరి, గట్టిగానే కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి వంటిల్లంతా శ్త్రుక్లి వాసన. "కొట్టావా నాన్నా?" అని నేజా గుమ్మంలోనే వాటేసుకుంది.

"కొట్టాను. నేనూ తిన్నాను. ఇవాళే తిన్నానే, మొదటిసారి" అనేశాడు గాష్పర్, మళ్లీ ధైర్యం చాలదేమోనని గుక్క తిప్పుకోకుండా. "పిడుగు లేదు, గద్ద లేదు. అంతా అబద్ధం."

నేజా నోరు తెరుచుకుని తండ్రిని చూసింది. తర్వాత టిలెన్‌ని చూసింది.

"మీ నాన్నే నన్ను పైకి లాగాడు. ఆయన కూడా నాలాగే భయంతో వణుకుతూ లాగాడు" అన్నాడు టిలెన్.

నేజా చేతులెత్తి చప్పట్లు కొట్టింది. చిన్నప్పుడు పడవలో కొట్టినట్టే, గట్టిగా కొట్టింది. గాష్పర్ ముక్కు చీదుకున్నాడు.

భోజనానికి పిలిస్తే మావా అల్లుళ్లిద్దరూ పళ్లేలు పట్టుకుని గోడవారగా నిలబడ్డారు. రెజ్కా గదిలోకెళ్లి రెండు దిళ్లు తెచ్చి బల్ల మీద పరిచింది.

"నీకు తెలుసు కదూ?" అన్నాడు గాష్పర్, మెల్లగా దిండు మీద కూచుంటూ.

"ఆ రోజు కొండ దిగొచ్చి, ఈ బల్ల మీదే, మా నాన్న ఎదురుగా చతికిలబడి రెండు పళ్లేలు ఖాళీ చేశావు. దెబ్బలు తిన్నవాడెవడైనా అలా కూచుంటాడా?"

"మీ నాన్న కూడా చూశాడా?"

"నాకంటే ముందు ఆయనే చూశాడు. 'భయపడి వెనక్కొచ్చాడే. పోనీలే, వీడు ఎక్కడికెళ్లినా ఇంటికి తిరిగొస్తాడు, చేసుకో' అన్నాడు."

కొండ పొడుగునా తను తిట్టిపోసిన మావగారి మీద గాష్పర్‌కి ఇప్పుడు చచ్చేంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"మరి ఇన్నేళ్లూ ఆ గద్ద కథంతా ఎందుకు విన్నావే?"

"నువ్వు బాగా చెప్తావయ్యా" అంది రెజ్కా, ఆయన పళ్లెంలో ఇంకోటి వేస్తూ. "రేపు పడవలో నిజమే చెప్పుకో, కాదనను. ఆ గద్దని మాత్రం తీసెయ్యకు."