ఇరవై నిమిషాల నీళ్ళు

గాయానికి అంటుకున్న గాజుగుడ్డ ఇంకా నానలేదు. సిస్టర్ సిరంజితో మరికొంత సెలైన్ వదిలి, గ్లవుజుల చేతులు గాలిలో పట్టుకుని నిలబడింది. మంచం మీది మేస్త్రీ పళ్ళు బిగించాడు.

“లాగెయ్యమ్మా, ఒక్క దెబ్బతో పోతుంది.”

“పోయేది గుడ్డ కాదయ్యా, నీ తోలు. ఆగు.”

కాలిన గాయాల వార్డులో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని ఇదే. తడపడం, ఆగడం, అంచు లేపి చూడటం, మళ్ళీ ఆగడం. కుర్ర డాక్టర్లు తనను వెనకాల ‘ఆగమ్మ’ అంటారని ఆమెకు తెలుసు. సబ్బుకూ మందుకూ నాని వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. గేటు దగ్గరి హాజరు యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టదు. రోజూ పుస్తకంలో సంతకం పెడుతుంది. బతికున్నప్పుడు భర్త అనేవాడు, “నీ చేతి కూర మాడదు, నీతో బయల్దేరితే బస్సు అందదు.”

మూడు నెలల కిందట ఆసుపత్రిలో వీడియో విభాగం పెట్టారు. అనుభవం ఉన్నవాళ్ళు తమకు తెలిసింది జనానికి చెప్పాలన్నారు. ఒళ్ళు కాలితే మొదట ఏం చెయ్యాలో చెప్పమని ఈమెను అడిగారు. ఆమె కుళాయి కింద చెయ్యి పెట్టి, ఎందుకో వివరిస్తూ, ఇరవై నిమిషాలూ ఉంచింది. వాళ్ళు దాన్ని నలభై సెకన్లు చేశారు. మాటలు తీసేసి సంగీతం పెట్టారు. పదకొండు లక్షల మంది చూశారని చెప్పి ఆమెకు శాలువా కప్పారు. ఆమె మాత్రం చూడలేదు. తెర మీద తన మొహం చూసుకోవాలంటే సిగ్గు.

తొమ్మిదిన్నరకు నాలుగేళ్ళ పాపను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. గంట కిందట పాప చేతి మీద మరిగే టీ ఒలికింది. మోచేతి నుంచి వేళ్ళ దాకా చర్మం తెల్లబడి ఉంది.

“నీళ్ళ కింద పెట్టలేదా తల్లీ?”

“పెట్టానండీ. అయ్యో, మీరే కదా ఆ వీడియోలో! అచ్చం మీరు చేసినట్టే చేశాను.”

“ఎంతసేపు?”

“మీరు ఉంచినంతసేపే.”

తల్లి తన ఫోనులో చూపించింది. కుళాయి తిరిగింది, చేతి మీద నీళ్ళు పడ్డాయి, ఆ వెంటనే అదే చెయ్యి గుడ్డలో ఉంది. నీళ్ళ కింద ఉన్నది రెండు సెకన్లు. సిస్టర్ మూడుసార్లు చూసింది. తర్వాత పాప చేతిని నీళ్ళ కింద పట్టుకుని, గడియారంలో ఇరవై నిమిషాలు నిండాక, కట్టు కట్టింది. ఆ పనిలో తొందరపడలేదు. వీడియో విభాగం మెట్లెక్కేటప్పుడు మాత్రం తొందరపడింది.

వీడియో విభాగం బాధ్యుడు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“అది తీసెయ్యి.”

“మేడమ్, అందరికంటే ఎక్కువమంది చూసింది మీదే. కావాలంటే కింద ఒక లైను రాయిస్తాను.”

“కింద రాసింది ఎవడు చదువుతాడు?”

“ఇరవై నిమిషాలు కుళాయిని ఎవరు చూస్తారు మేడమ్? మూడో సెకనుకే వేలితో తోసేస్తారు.”

“అందుకని నీళ్ళు కోసేసి పాట పోశావా? రా, ఆ పాట పెట్టి ఆ పిల్ల చెయ్యి చల్లార్చు!”

అతను సూపరింటెండెంటుకు ఫోను చేసి ఆమెకు ఇచ్చాడు. వచ్చేవారం మీటింగులో చూద్దామన్నాడాయన.

“ఈ వారం కాలేవాళ్ళ సంగతి?”

అవతల ఫోను పెట్టేశారు.

ఆమె డ్రెస్సింగ్ గదికి దిగివచ్చి, తన ఫోనును సింకు పక్కన సబ్బు సీసాకు ఆనించింది. ఆడపడుచు కూతురు ఎప్పుడో నేర్పినట్టు లైవ్ నొక్కింది.

“ఆసుపత్రి వీడియోలో ఉన్నది నేనే. అది తప్పు. ఏం కోశారో చూసుకోకపోవడం నా తప్పు. చెయ్యి ఎంతసేపు ఉంచాలో ఇప్పుడు చూడండి. ఇందులో కోతల్లేవు.”

కుళాయి తిప్పి కింద చెయ్యి పెట్టింది. చూడటానికి ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. ఏడో నిమిషానికి తొమ్మిది మంది మిగిలారు. ఐసు వద్దు, పేస్టు వద్దు, వాపు రాకముందే గాజులూ ఉంగరాలూ తీసెయ్యండి అని ఆ తొమ్మిది మందికీ చెప్పింది. పద్నాలుగో నిమిషంలో పరిపాలనాధికారి కాగితంతో వచ్చాడు.

“అది ఆపి, ఈ క్షమాపణ మీద సంతకం పెట్టండి. లేకపోతే ఉద్యోగం ఉండదు.”

“ఆగండి. ఇంకా ఆరు నిమిషాలుంది.”

అతను వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. ఇరవై నిండాక ఆమె కుళాయి కట్టేసింది, చేతి మీద శుభ్రమైన గుడ్డ కప్పి చూపించింది. అప్పుడు కాగితం తిరగేసి, ‘ఆ వీడియో తీసేసిన రోజు పిలవండి’ అని రాసి ఇచ్చింది.

వార్డులో పాప మంచం దగ్గర, తల్లి పక్కన నిలబడింది.

“రేపు కట్టు విప్పేవాళ్ళు ఎవరైనా సరే, ముందు తడపమను. ఎండిన గుడ్డ లాగబోతే వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపు.”

“రేపు మీరుండరా అండీ?”

సిస్టర్ పాప తల నిమిరి, సంచీ తీసుకుని గేటు దాటింది. ఆసుపత్రి వీడియో పదకొండు లక్షల లెక్కకు ఆ గంటలో మరో ఆరువేలు చేరాయి.

డ్రెస్సింగ్ గదిలో, సబ్బు సీసాకు ఆనించి మరిచిపోయిన ఫోను, ఇంకా వెళ్ళిపోని ఇద్దరికి, ఖాళీ సింకును చూపిస్తూనే ఉంది.