రెండో సాక్షి

నా మొగుడు వోల్ఫర్ట్ తిమింగలాల వేట ఓడ ఎక్కి రెండేళ్ళయింది. సముద్రంలో పోయాడని కబురొచ్చింది గానీ శవం రాలేదు. శవం లేకపోతే ఇద్దరు సాక్షులు చెప్పాలి, అప్పుడుగాని మా లైడెన్ నగర సభ మళ్ళీ పెళ్ళికి ఒప్పుకోదు. రొట్టెలు కాల్చి అమ్మే ఎవర్ట్ నన్ను చేసుకోవాలని ఏడాదిగా కాచుక్కూర్చున్నాడు. ఓడలో పనిచేసిన ఒక నావికుడు ఇదివరకే ప్రమాణం చేశాడు. రెండో సాక్షి ఓడ వైద్యుడు యోస్ట్. ఓడ దిగాక ఆయన విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం పాఠాలు వింటున్నాడు. అదే నా కొంప ముంచింది.

"వోల్ఫర్ట్ మునిగిపోవడం చూశావా?" అని సభ పెద్దాయన యోస్ట్‌ని అడిగాడు.

"పొగమంచులో ఎవరో నీళ్ళలో పడటం చూశానండి. వోల్ఫర్టే అనుకున్నాను. కానీ కళ్ళు మోసం చేస్తాయి. ఖాయంగా చెప్పలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, నేనిక్కడ నిలబడ్డానన్నది ఖాయమేనా, అదీ అనుమానమేనా?"

"కలలో కూడా మీరు నన్ను ఇలాగే తిట్టచ్చు కదమ్మా."

సభలో అందరూ నవ్వారు.

"మరి నీకు ఖాయమైందంటూ ఏదైనా ఏడిసిందా?"

"అనుమానించే నేనంటూ ఉన్నాను. అంటే నాకో ఆత్మ ఉంది. దేవుడున్నాడు. ఇవి ఖాయం."

"కళ్ళెదుట పడ్డవాడి సంగతి తెలీదు గానీ, కనపడని దేవుడి సంగతి తెలుసా?"

"ఆయన్ని చూసి తెలుసుకోలేదమ్మా, ఆలోచించి తెలుసుకున్నాను. మీ పెళ్ళి చెడగొట్టాలని కాదు. నేను ప్రమాణం చేశాక మీవారు తిరిగొస్తే, మీ ముగ్గురి బతుకులూ ఏమవుతాయి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయనకు నా మీద జాలేసింది.

"పోనీ అలైడా, నువ్వు చెప్పమ్మా. నీ భర్త చనిపోయాడని నువ్వే ప్రమాణం చెయ్యి. నావికుడి మాటకి అది తోడైతే చాలు."

పొద్దున అడిగి ఉంటే గుక్క తిప్పుకోకుండా చేసేదాన్ని. ప్రమాణం చెయ్యడానికి రెండు వేళ్ళు పైకెత్తాను. వెనక ఎవర్ట్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వోల్ఫర్ట్ పోయాడని నాకెలా తెలుసు? మనసంతా వెతుక్కున్నాను. నాకు ఎవర్ట్ కావాలన్న కోరిక తప్ప అక్కడ ఇంకేమీ దొరకలేదు.

చెయ్యి దించేశాను. "నాకు తెలీదండి," అన్నాను.

సభ బయట మెట్ల మీద ఎవర్ట్ టోపీ పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఆయన తిరిగొస్తాడని నీకు ఆశ ఉందా?" అని అడిగాడు.

"రెండేళ్ళలో ఏ ఒక్కరోజూ ఆయన తిరిగొస్తే బాగుండునని అనుకోలేదు ఎవర్ట్," అన్నాను.

ఆ మాట నా చెవిన పడ్డాక సిగ్గేసింది. మెట్ల మీదే కూలబడి, నా మొగుడి కోసం మొదటిసారి ఏడ్చాను.