మంగీలాల్ పాటపెట్టె

పాలకుర్తి ఫంక్షన్ హాలు వేదిక మీద మంగీలాల్ మోకాళ్లపై కూర్చుని మైకు వైర్లు బిగిస్తున్నాడు. మైకు సెట్ పెట్టేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకని మీరు అడగవచ్చు. ఆ రోజు పాటకు జరిగే సన్మానం తనకు కూడా అని ఒకప్పటి శిష్యుడు యుగేందర్ చెప్పాడు మరి.

"పాట మనిద్దరిది అన్నా. మీ అమ్మను గూడ తోల్కరా. మైకు సెట్ నువ్వే పట్కరా, బయటోళ్లను నమ్మలేం" అన్నాడు ఫోనులో. అందుకే తల్లి మోతీబాయి చేతినిండా గాజులతో ముందు వరుసలో కూర్చుంది.

కేసముద్రం మార్కెట్ ఎదుట మంగీలాల్‌కు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం ఉంది. రిపేరులోనే పేరు ఉంది గానీ, చేసేవాడికి మాత్రం రాదు. పదేళ్లప్పుడు తండ్రి రేడియో విప్పి దెబ్బలు తిన్నాడు. నలభై ఏళ్లుగా విప్పుతూనే ఉన్నాడు. చచ్చిన రేడియోల లోపలి సరుకూ, ఆట పియానోల మెట్లూ కలిపి వాయించే పెట్టె ఒకటి తయారుచేశాడు. తీజ్ పండుగకు తండాలో మొలకల బుట్టల చుట్టూ తల్లి పాడే పాట ఉంది. ఆ పాట మూడో వరుసలో ఆమె గొంతు ఒక రవ్వ కిందికి జారుతుంది. కొన్న కీబోర్డు ఏదీ ఆ జారుడుకు కుదరలేదు. తల్లిని సరిచేయడానికి కొడుకుకు మనసు రాలేదు. పెట్టెలో ఆ చోట పలికే మెట్టు స్వరాన్నే దించేశాడు.

యుగేందర్ జనగామలో స్టూడియో పెట్టకముందు ఆ దుకాణంలోనే సాల్డరింగ్ నేర్చుకున్నాడు. "దాచుకుందాం అన్నా" అంటూ మోతీబాయి గొంతుతో, ఆ పెట్టె వాయిద్యంతో ఆ పాట రికార్డు చేసుకున్నాడు. ఇప్పుడది భూపాలపల్లి దాకా డీజే పెట్టెల్లో మోగుతోంది.

ఇంతలో వేదిక వెనుక ఫ్లెక్సీ విప్పారు. 'సంగీతం, వాయిద్య రూపకల్పన: యుగేందర్. గానం: ఒక తండా మహిళ.' అడుగున చీమలంత అక్షరాల్లో 'మైక్ సెట్: మంగీలాల్.' దాచుకుందామన్నవాడు దోచుకున్నాడు.

"తమ్మీ, గిదేంది?"

"జర ఆగన్నా. రెండు పేర్లు చెప్తే పేపరోళ్లు పరేషానైతరు. నీదీ నాదీ ఒకటే గద!"

"ఒకటే అయితే నా పేరే ఎందుకు రాయకపోయినవ్?"

యుగేందర్ నవ్వాడు. "మెకానిక్‌ను సంగీత దర్శకుడంటే ఎవలు నమ్ముతరే?"

సభ మొదలైంది. ముఖ్య అతిథి సుమన, పదవీ విరమణ చేసిన సంగీతం టీచర్, ఆ పాట అక్కడే వినిపించమంది. యుగేందర్ మెరిసిపోయే కొత్త కీబోర్డు ముందు కూర్చున్నాడు. మోతీబాయి వేదికెక్కి పాట అందుకుంది. మూడో వరుసలో గొంతు ఒక దారి, కీబోర్డు ఒక దారి అయ్యాయి.

"మన్నించాలె, ముసలమ్మ శృతి తప్పింది" అన్నాడు యుగేందర్ మైకులో.

హాలంతా నవ్వింది. మోతీబాయి తలదించుకుంది.

తన పేరు పోయినప్పుడు ఊరుకున్న మంగీలాల్ ఇప్పుడు ఊరుకోలేకపోయాడు. ఆటోలోంచి తన పెట్టె తెచ్చి, వైరు తగిలించి, తల్లి పక్కన నిలబడ్డాడు. "యాడీ, మళ్ల అందుకో." ఈసారి మూడో వరుసలో గొంతూ, పెట్టె స్వరమూ కలిసి దిగాయి. హాలులో నవ్వు ఆగిపోయింది.

"ఈ పెట్టె ఎవరిది?" అంది టీచర్.

"నా డిజైనే మేడం. అన్న అతుకులు పెట్టిండు" అన్నాడు యుగేందర్ తడుముకోకుండా.

టీచర్ పెట్టె మీద ఆ మెట్టు నొక్కింది. "అయితే ఈ మెట్టు స్వరం ఎందుకు దించావు?"

యుగేందర్ పెట్టెను చూశాడు, ఫ్లెక్సీని చూశాడు. "అది... పాత సామాను మేడం. ఖరాబైంది."

"ఖరాబు కాలే టీచర్," అన్నాడు మంగీలాల్. "మా యాడి గొంతు ఆడ దిగుతది. గందుకే దించిన." తర్వాత యుగేందర్ వైపు తిరిగాడు. "అన్నీ నేర్పిన తమ్మీ. గిది గూడ అడిగితే చెప్తుంటి గద."

యుగేందర్ తల తిప్పుకున్నాడు.

టీచర్ శాలువా తెచ్చి మంగీలాల్ భుజాన వేయబోయింది. అతడు దాన్ని తల్లి భుజాన కప్పించి, వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

టీచర్ మైకు అందుకుంది. "మెకానిక్ చేతిలో సంగీతం ఉండదనీ, తండా గొంతుకు పేరు అక్కర్లేదనీ మనం అనుకున్నన్నాళ్లు ఇలాంటి ఫ్లెక్సీలు లేస్తూనే ఉంటాయి. నేర్చుకున్న విద్య మీదే, వాడుకోండి. కానీ నేర్పిన మనిషి పేరు తుడిచి మీ పేరు రాసుకుంటే, అది కళ కాదు, దొంగతనం."