‘మా’ తీసి ‘నా’ పెట్టమంది

మాది వెబ్‌సైట్లు చేసే ఆఫీసు. లాండ్రీ పైన రెండు గదులు. పేజీలు తయారుచేసేది మా మరిది, వాటిలోకి మాటలు రాసేది నేను, మా ఇద్దరినీ భరించేది కింద లాండ్రీవాళ్ళు. నేను అరిస్తే ఇస్త్రీ బల్ల దాకా వినిపిస్తుందట. ఏం చెయ్యను, మా మరిదితో పనిచేస్తే తెలుస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్ళు ఈమధ్య ఏం చేశారో చూపించమంటారు గనక మా సైట్‌లో ‘ఇటీవలి పనులు’ అని ఒక పేజీ పెట్టుకున్నాం. అందులో పళ్ళ డాక్టరుగారి సైట్ ఉంది. నవ్వుతూ ఫొటో దిగమంటే నోరు బిగించుకుని దిగాడు మహానుభావుడు. ఈత నేర్పే ఆవిడది ఉంది. కర్టెన్ల షాపుది ఉంది. ఆ చివరిది ఆ పేజీలోకి ఎలా వచ్చిందో చెబుతాను.

షాపు అక్కాచెల్లెళ్ళది. అక్క కిటికీలు కొలిచి గుడ్డ కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. వాళ్ళ పాత సైట్ కూడా మేమే చేశాం. అప్పుడు ఇద్దరూ మా గదిలో కూర్చుని ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెబుతుంటే రాసుకోలేక నా చెయ్యి పడిపోయింది. ఈసారి కర్టెన్లక్క (మేము ఆవిణ్ణి అలాగే పిలుస్తాం) ఒక్కతే వచ్చింది. చెల్లెలేదని అడిగాను. నా నోరు ఊరుకోదు కదా.

“ఆవిడ రాదు” అంది.

తోడబుట్టినదాన్ని పట్టుకుని ‘ఆవిడ’ అంటోందంటే వ్యవహారం ముదిరిందన్నమాట. కుర్చీ జరిపి, మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టాను. మెల్లగా బయటికొచ్చింది సంగతి. ఒక స్కూలు హాలుకి కర్టెన్లు కుట్టారట. తీరా తగిలిస్తే ఒక్కోటీ జానెడు పొట్టి. హెడ్మిస్ట్రెస్ నిలదీసేసరికి, మా చెల్లెలు కింద మడత ఎక్కువ పెట్టేసిందండీ అని కర్టెన్లక్క నోరు జారింది. చెల్లెలు అక్కడే నిచ్చెన మీద ఉంది. దిగి, చేతులు దులుపుకుని, ఇంటికెళ్ళిపోయింది. మళ్ళీ షాపు మెట్టెక్కలేదు.

“నిజానికి కొలత తప్పు ఎవరిది?” అన్నాను.

“నాదే. ఎవరిదైతే ఏంలే, ఆ క్షణానికి గట్టెక్కితే చాలనుకున్నాను.”

“ఆ ముక్క తనతో చెప్పొచ్చుగా.”

“ఫోనెత్తితేగా.”

“ఇంటికెళ్ళి చెప్పండి.”

“వెళ్ళాను. తలుపు తీసింది. తన మొహం చూడగానే అసలు మాట వదిలేసి, గొడుగు మర్చిపోయావు, తెచ్చానని చెప్పి, అది చేతిలో పెట్టి వచ్చేశాను.” కర్టెన్లక్క గ్లాసు కింద పెట్టింది. “వదిలెయ్యండి. సోమవారం నుంచి ఫర్నిచర్ షోరూమ్‌లో కుట్టుపనికి చేరుతోందట. చేరితే ఇంక రాదు, దాని పట్టుదల నాకు తెలుసు. సైట్ తెరిస్తే మేము, మేము అని కనబడుతోంది. చూడలేకపోతున్నాను. ‘మా’ ఉన్నచోటల్లా ‘నా’ పెట్టెయ్యండి.”

ఒళ్ళు మండింది నాకు. చెల్లెలికి ఒక్క మాట చెప్పలేక వెబ్‌సైట్ మార్పిస్తారా ఎవరైనా? కానీ ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోరు మూసుకుని పెన్ను తీశాను. ఆ స్కూలు గొడవ నలుగురికీ పాకింది కాబట్టి కస్టమర్లకు నమ్మకం కలిగేలా కొత్తగా నాలుగు మాటలు పెట్టమంది. తనే చెప్పింది, నేను రాసుకున్నాను: “కొలిచేది నేనే. కొలత తప్పితే ఆ తప్పు నాదే, ఇంకొకరి మీదకు నెట్టను. విప్పి మళ్ళీ సరిచేస్తాను. షాపు తలుపు తెరిచే ఉంటుంది, ఎప్పుడైనా రావచ్చు.” బాగుందన్నాను. సాగనంపి, మిగతాది మా మరిదికి అప్పగించాను. అదీ నేను చేసిన పొరపాటు.

మరిది పని మొదలుపెడితే వంక పెట్టక్కర్లేదు, కానీ మొదలుపెట్టేముందు ఆలోచించే అలవాటు లేదు. పేజీ మొత్తం మీద ‘మా’ వెతికి ‘నా’గా మార్చమని కంప్యూటరుకి చెప్పి టీకి వెళ్ళాడు. అది ఎంత చెబితే అంతే చేస్తుంది కదా. ‘మాట’ కాస్తా ‘నాట’ అయింది. ‘మామూలు ధరలు’ ‘నామూలు ధరలు’ అయ్యాయి. ‘మాసిన కర్టెన్లు’ ఏమయ్యాయో మీరే ఊహించుకోండి. నేను కేకేసేసరికి పరిగెత్తుకొచ్చి, కంగారులో ‘నా’ వెతికి ‘మా’గా మార్చాడు. ఈసారి ‘నాణ్యత’ పోయి ‘మాణ్యత’ వచ్చింది. అరిచాను. కింద ఎవరో ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిన చప్పుడు కూడా వినబడింది.

“పోనీలే వదినా, మొత్తం తుడిచేసి మన పాత నమూనా మీద మళ్ళీ కడతాను. మాటలు మాత్రం కొట్టిపెట్టవూ” అన్నాడు. ‘నేను, నా’ అంటూ ఒక్కో వాక్యం నా చేత్తో కొట్టి ఇచ్చాను. శుక్రవారం సాయంత్రానికి సైట్ బయటికొచ్చేసింది.

శనివారం పొద్దున ‘ఇటీవలి పనులు’ పేజీలో బొమ్మ పెడదామని ఆ సైట్ తెరిచాను. వాక్యాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పైన హెడ్డింగు మాత్రం ‘మన గురించి’ అని ఉంది, అరచెయ్యంత అక్షరాలతో.

మరిది తెచ్చుకున్న నమూనా మా ఆఫీసు సైట్ కోసం కట్టుకున్నది. మాలో మేము మాట్లాడుకునేటప్పుడు మన పనులు ఇక్కడ పెట్టు, మన గురించి అక్కడ పెట్టు అనుకుంటాం. అలా అనుకున్నది అనుకున్నట్టే కొట్టేశాడు. మా సైట్‌లో నేను దిద్దాను గానీ నమూనాలో అలాగే ఉండిపోయింది. కస్టమర్లతో ‘మన గురించి’ ఏమిటి, వాళ్ళేమైనా చుట్టాలా? నేను దిద్దమంటే, నెట్ పోయింది, రాగానే దిద్దుతానన్నాడు. ఫోనులో చెబితే బాగుండదని, క్షమాపణ చెప్పుకోవడానికి చెప్పులేసుకుని షాపుకి బయల్దేరాను. పక్క వీధే.

గాజు తలుపు తోసి లోపలికెళ్ళి ఆగిపోయాను. చెల్లెలు ఉంది. భుజాన సంచీ దించలేదు, కూర్చోలేదు. ఫోను కర్టెన్లక్క ముందుకి చాపి నిలబడింది. కర్టెన్లక్క చేతిలో కత్తెర సగం గుడ్డలో ఉంది.

“రాత్రి చూశాను” అంటోంది చెల్లెలు. “మన గురించి అని పెట్టి, కొలత తప్పితే తప్పు నాదే, ఇంకొకరి మీదకు నెట్టను అని రాశావు. అందరికీ కనబడేలా రాశావు. నాకోసమేనా అక్కా?”

ఔనని ఒక్క మాటంటే చాలు, నేనేమీ ఎరగనట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోదును. కర్టెన్లక్క ఫోనులోకి చూసింది, నన్ను చూసింది. నా మొహంలోనే దొరికిపోయింది కాబోలు సంగతంతా.

“కాదు” అంది కర్టెన్లక్క. “పైన ఆ మాట నేను పెట్టించలేదు. వీళ్ళు పొరపాటున పెట్టినట్టున్నారు. కిందది కస్టమర్ల కోసం చెప్పాను.”

నెత్తి బాదుకోవాలనిపించింది. అబద్ధమాడకూడని చోట ఆడి, ఆడినా తప్పులేని చోట నిజం చెబుతుందేమిటీవిడ? చెల్లెలు ఫోను సంచీలో పడేసుకుంది. “అలాగా” అంది. అని తలుపు వైపు తిరిగింది. అక్కడ నేను అడ్డంగా నిలబడి ఉన్నాను. జరగలేదు. కావాలనే జరగలేదు.

“ఉండవే” అంది కర్టెన్లక్క వెనకనుంచి. “ఇప్పుడు కూడా ఔననేస్తే సులువుగా గట్టెక్కుదును. ఆ రోజు అలా గట్టెక్కబోయి నిన్ను పోగొట్టుకున్నాను. కొలిచింది నేను. తప్పు నాది. నిచ్చెన మీద నువ్వున్నావని తెలిసే అన్నాను ఆ మాట. అది చెప్పడానికే మీ ఇంటికొచ్చాను, గొడుగిచ్చి వెళ్ళిపోయాను.”

చెల్లెలు అటు తిరిగే ఉంది. ఆ మొహం నాకొక్కదానికే కనబడుతోంది. గడ్డం వణుకుతోంది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏం దాచుకోను.

“ఏమండీ” అంది కర్టెన్లక్క నాతో. “పైన ఆ మాట దిద్దకండి.”

అప్పుడు గుర్తొచ్చాడు మా మరిది. ఫోను కలిపి, హడావిడిలో స్పీకరు మీట కూడా నొక్కేశాను.

“నెట్ వచ్చింది వదినా, ఇదిగో దిద్దేస్తున్నా...”

“ముట్టుకున్నావంటే చేతులు విరిచేస్తాను” అన్నాను.

“తప్పుందని పొద్దున అరిచావు కదా?”

“ఇప్పుడు లేదు. ఉండనివ్వు.”

చెల్లెలు సంచీ భుజం మీంచి తీసి మిషను మీద పెట్టింది. ముక్కు తుడుచుకుంది. “కింద మాత్రం దిద్దమనండి” అంది. “అంతా నేను, నేను అని ఉంది. ఏదో ఒంటిగా బతుకుతున్నట్టు. మేము అని పెట్టమనండి.”

మరిది అన్నీ విన్నాడు గానీ ఏమీ అర్థం కాలేదు పాపం. “మేము అంటే ఎవరెవరండీ? సైట్‌లో ఫొటో కింద రాయాలి కదా” అన్నాడు.

కర్టెన్లక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. కత్తెర కింద పెట్టింది.

“నేనూ, మా చెల్లీ” అంది.